రెండో డబ్బీ

ఆ రోజు గురువారం. నా భార్య ఎప్పటిలాగే ఏడు కాకముందే ఇల్లు వదిలింది. వికారాబాద్ స్టేషన్ మా ఇంటికి నడక దూరం. తాండూరు బండి ఎక్కాక, సీటు దొరికిందని ఫోన్ చేసింది. నేను మర్పల్లి దగ్గర ఒక కంది చేనులో మట్టి నమూనాలు తీయడానికి వెళ్ళాను. నాది భూసార పరీక్ష ఉద్యోగం. పదకొండున్నర ప్రాంతంలో ఆమె పనిచేసే ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది.

"సారు, మేడం కూసున్నకాడ్నే ఒరిగిపోయింది. దవాఖానకు తీస్కపోతున్నం. జల్ది రాండ్రి."

చేనులోంచి రోడ్డు దాకా పరుగెత్తాను. బండి మీద తాండూరు చేరేసరికి ఒంటిగంట దాటింది. అప్పటికే అయిపోయింది. గుండె అని డాక్టరు చెప్పాడు. నా గోళ్ళలో ఇంకా మన్ను ఉంది. ఆమె చెయ్యి పట్టుకునే ముందు కడుక్కోవాలనిపించి, కుళాయి ఎక్కడుందని నర్సును అడిగాను. నర్సు నన్ను వింతగా చూసింది. బయటి నుంచి వస్తే ముందు చేతులు కడుక్కోవాలన్నది ఇరవై ఆరేళ్ళుగా మా ఇంటి నియమం.

చివరి రోజు గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. సాయంత్రానికి వికారాబాద్ తీసుకొచ్చాం. మరునాడు మధ్యాహ్నం ముందే అన్నీ పూర్తయ్యాయి.

ఆమె పోయి నెలన్నర. ఆమెతో పనిచేసిన వాళ్ళు, నాలుగు మాటలు రాసివ్వండి, మా వాళ్ళందరికీ పంచుతాం అన్నారు. సరేనన్నాను. తీరా కూర్చుంటే కూర్చోలేకపోతున్నాను. ఒక వాక్యం రాసి లేస్తున్నాను. స్టేషన్ దాకా నడిచి, ప్లాట్‌ఫారం చివర దాకా వెళ్ళి, తిరిగి వస్తున్నాను. ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళి ఎందుకొచ్చానో మరిచిపోతున్నాను. మా బిడ్డ పదకొండు రోజులైన తర్వాత కూడా వారం ఉండి, "నాన్నా, జర ఒక్కదగ్గర కూసో" అని చెప్పీ చెప్పీ హైదరాబాద్ వెళ్ళింది. కూర్చుంటే ఒక ఫోన్ కాల్ గుర్తుకొస్తుంది. దాని గురించి తర్వాత చెబుతాను. ముందు ఆమె గురించి చెప్పాలి.

ఆమె ల్యాబ్ టెక్నీషియన్. తాండూరులో ఒకే ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళు చేసింది. అక్కడ అందరికీ ల్యాబ్ మేడం. రక్తం తీసేటప్పుడు పిల్లలు ఏడవరని పేరు. ఏడవకపోవడానికి కారణం ఆమె చేతి సున్నితం మాత్రమే కాదు, మాటలు. సూది గుచ్చే క్షణానికి సరిగ్గా ఏదో ఒక ప్రశ్న అడిగేది. "మీ ఇంట్ల కోడి ఎన్ని గుడ్లు పెడ్తదిరా?" ఆ పిల్లాడు లెక్క వేసుకునే లోపల పని అయిపోయేది.

మా ఇద్దరివీ పరీక్షలు చేసే ఉద్యోగాలే. నేను మట్టి, ఆమె రక్తం, మూత్రం. మా పెళ్ళయిన కొత్తలో చుట్టాలు ఎవరైనా ఏం చేస్తారని అడిగితే ఆమే ముందు చెప్పేది. "ఆయన మన్ను చూస్తడు, నేను ఉచ్చ చూస్త. ఇంట్ల చాయ మాత్రం మంచిగనే ఉంటది, తాగుండ్రి." చుట్టాలు కప్పు పట్టుకుని ఆగిపోయేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు. అదే ఆమె హాస్యం.

రాత్రి అన్నం దగ్గర మా మాటలు ఎక్కువగా తప్పుడు నమూనాల గురించే. నా దగ్గరికి వచ్చే రైతులు కొందరు చేను మధ్యలోకి వెళ్ళడానికి బద్ధకించి గట్టు మీద మన్ను తవ్వి తెస్తారు. కొందరు పెంటకుప్ప పక్కది తెస్తారు. ఆ మన్నుకు వచ్చిన పరీక్ష కాగితం చూసి ఎరువు వేస్తే పంట దెబ్బతింటుంది. ఆమె వింటూ, "మీ మన్నన్న నయం. అది సిగ్గుపడది" అనేది. మనుషులు సిగ్గుపడి, భయపడి, మొహమాటపడి తప్పుడు నమూనా ఇస్తారని ఆమె అనుభవం. "పరీక్ష అబద్ధం చెప్పది. దాన్ని పంపినోళ్ళే ఏదో దాస్తరు" అనేది.

షుగర్ ఉన్న పిల్లల విషయంలో ఆమె పట్టుదల ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఎనిమిదేళ్ళ కింద ఒక అమ్మాయి ల్యాబ్‌కు వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. కాళ్ళు వాచి, మొహం ఉబ్బి ఉంది. పదమూడేళ్ళ వయసు నుంచీ ఆ అమ్మాయి షుగర్ పరీక్షలన్నీ ఆమే చేసింది. ఏటా రక్తం తీసింది, అంకె రాసింది, పంపింది. ఆ రోజు వచ్చిన కాగితంలో కిడ్నీలు చాలావరకు పోయినట్టు ఉంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం పెట్టుకోలేదు. "కాయితం మీద ఏం రాసుంటే అదే చేసిన. మూత్రంల ఆల్బుమిన్ చూడమని ఎవ్వరు రాయలే. నేను ఎవ్వర్ని అడగలే" అంది. నీ తప్పేముంది అన్నాను. "తప్పు సంగతి కాదు. పదకొండేండ్లు నా ముందు కూసున్నది ఆ పిల్ల" అంది.

అప్పటి నుంచి అడగడం మొదలుపెట్టింది. కిడ్నీ దెబ్బతినడం మొదలైతే రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి కారుతుంది. మామూలు మూత్ర పరీక్షలో దొరకనంత తక్కువగా అది పోతున్నప్పుడే పట్టుకునే పరీక్ష వేరే ఉంటుంది. దాన్ని తమ ల్యాబ్‌లో పెట్టించడానికి యజమానితో రెండు నెలలు పోట్లాడింది. చిన్న వయసులో షుగర్ వచ్చిన పిల్ల ఎవరొచ్చినా పక్కన కూర్చోబెట్టుకునేది. షుగరొచ్చి ఎన్నేండ్లయింది? ఐదేండ్లు దాటిందా? పెద్దమనిషివైనవా? ఎదిగే వయసులో షుగర్ మాట వినదని, కిడ్నీల మీద బరువు అప్పుడే పెరుగుతుందని చెప్పేది. ఇన్సులిన్ సూది రోజూ పూర్తిగా వేసుకుంటున్నావా, బళ్ళో ఎవరైనా చూస్తారని ఎగ్గొడుతున్నావా? ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా, కిడ్నీ జబ్బు ఉందా? నొప్పి గోళీలు కిరాణా దుకాణంలో కొని మింగుతున్నావా? బీడీ, గుట్కా? మాటల మధ్యలోనే బీపీ మిషన్ చేతికి చుట్టేది. పిల్లలకు బీపీ చూడటమేమిటని పెద్దలు నవ్వితే, "నవ్వుండ్రి, నవ్వుతె బీపీ పెరగది" అనేది.

ఒక డాక్టరు మొదట్లో కోప్పడ్డాడు. "మీరు డాక్టరా, టెక్నీషియనా?" అని అడిగాడట.

"టెక్నీషియన్నే సార్. మందు నేను రాయ. మీరు రాయాల్సింది యాదికి చేస్త."

ఏడాది తిరక్కుండా ఆ డాక్టరే అలాంటి పిల్లలందరినీ ఆమె దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు.

"కిడ్నీ ఒర్రది" అనేది ఆమె. పన్ను నొప్పి పెడుతుంది, కడుపు నొప్పి పెడుతుంది. కిడ్నీ అరవదు, ఏమీ చెప్పదు. అది చెప్పేటప్పటికి చాలా ఆలస్యమవుతుంది. "అందుకే మనమే పొయ్యి అడగాలె. ముందుగాల తెలిస్తె భయపడేది ఏం లేదు. కబురొచ్చిందనుకోవాలె." ఈ మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో. అప్పట్లో అంతగా పట్టించుకోలేదు.

ఇప్పుడు ఆ ఫోన్ కాల్ వెనక ఉన్న పిల్ల సంగతి.

బొంరాస్‌పేట మండలంలో ఒక ఊరు. గొర్రెలు కాసే కుటుంబం. తండ్రి మందతో వెళతాడు, తల్లి కంది చేలల్లో కూలికి పోతుంది. పిల్లకు పదిహేనేళ్ళు, పదో తరగతి. తొమ్మిదో ఏట షుగర్ వచ్చింది. అప్పటి నుంచి సూదుల మీదే ఉంది. కబడ్డీ బాగా ఆడుతుందట. మొదటిసారి వచ్చినప్పుడే మా ఆమెకు నచ్చింది. "పొగరుగల్ల పిల్ల. బతుకుతది" అంది నాతో.

ఆ పిల్లకు డబ్బీ ఇచ్చి, పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం పట్టి పంపమని చెప్పింది. ముందురోజు ఆటలు వద్దు, జ్వరముంటే వద్దు, నెలసరి రోజుల్లో అసలే వద్దు అని తల్లికి విడిగా చెప్పింది. రెండు వారాల తర్వాత తండ్రి డబ్బీ తెచ్చి ఇచ్చి, మారుమాట లేకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మరుసటి రోజు నేను తాండూరు మార్కెట్ యార్డుకు పని మీద వెళ్ళి, తిరుగు బండి దాకా ల్యాబ్ బల్ల మీద కూర్చున్నాను. తల్లీ కూతుళ్ళను ఆమె పిలిపించింది. వాళ్ళు లోపలికి రాగానే తలుపు దగ్గరగా వేసింది. నన్ను పొమ్మనలేదు. నేను లేనట్టే మాట్లాడింది.

"ఏమ్మా, మీ ఊర్లె ఏదన్న మహిమ జరిగిందా?"

తల్లి బెదిరింది. "ఏం మహిమ మేడం?"

"నీ బిడ్డకు ఆరేండ్ల సంది షుగరు. మొన్ననే చూస్తె మూడువందల మీద ఉండె. నువ్వు పంపిన డబ్బీల చూస్తె చక్కెర సుక్క లేదు. దేవుడొచ్చి నయం జేసి పోయిండా, ఏంది?"

తల్లి నేల చూసింది. పిల్ల తల్లిని చూసింది.

"చెప్పమ్మా. గా డబ్బీల ఉన్నది ఎవరిది?"

"నాదే" అంది తల్లి.

"నీది ఎందుకు పంపినవ్?"

"పిల్ల బయటుండె మేడం ఆ మూడొద్దులు. వాళ్ళ నాయిన ఆ పొద్దే తాండూరు పోతనన్నడు. మల్ల ఎప్పుడు పోతడో. బయటున్న పిల్ల చేతిది ఆయన ఎట్ల పట్టుకపోతడు? ఆయనకు చెప్పుడెట్ల? ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి, ఒకటే కూడు. నాదైతేంది, దానిదైతేంది, ఒక్కతీరే ఉంటదనుకున్న."

నేను తల తిప్పుకున్నాను. నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. బీపీ మిషన్ తీసి పిల్లకు కాదు, తల్లి చేతికి చుట్టింది.

"నాకెందుకు మేడం? నాకేం లేదు."

"చెయ్యి ఊకె పెట్టు."

చూసింది. మళ్ళీ చూసింది. "తలనొప్పి వస్తదా?"

"ఎండకు వస్తది. గోలి ఏస్కుంట."

"ఏం గోలి? ఎవరిచ్చిన్రు?"

"దుకాన్ల."

అప్పుడు చెప్పింది. ఆ డబ్బీలో చక్కెర లేదు కాని ఆల్బుమిన్ ఉంది. బీపీ ఎప్పటి నుంచి ఉందో తెలియదు, ఇవాళ మాత్రం బాగా ఎక్కువగా ఉంది. ఇంట్లో ఎవరికీ ఏమీ లేదని మొదటి రోజు ఈ తల్లే చెప్పింది. అబద్ధం చెప్పలేదు, ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అమ్మకు బీపీ ఉందంటే బిడ్డ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

"నాకోసం పంపిన్రు, అమ్మ దొరికింది" అంది పిల్ల.

"అవు బిడ్డా. మంచిగ దొరికింది. ఇగ నీది తేవాలె."

తల్లికి బీపీ గోళీ మొదలైంది. పిల్ల తన డబ్బీ తానే తెచ్చింది, పది రోజుల తర్వాత, తల్లితో కలిసి బస్సులో. అందులో చక్కెర ఉంది. ఆల్బుమిన్ కూడా ఉంది. ఉండకూడనంత ఉంది.

ఇక్కడ మామూలు మనుషులు చేసే తప్పు నేనూ చేశాను. ఆ సాయంత్రం ఆమె చెబితే, అయితే కిడ్నీ పాడైనట్టేనా అన్నాను. ఆమె విసుక్కుంది. "మీరు ఒక్క గుంత మన్ను చూసి చేను సంగతి చెప్తరా?" ఒక్కసారి వస్తే చాలదు. మూడు నెలల నుంచి ఆరు నెలల లోపల మూడుసార్లు చూడాలి. అందులో రెండుసార్లు ఎక్కువ వస్తేనే డాక్టరు ఖాయం చేస్తాడు. అప్పుడు రోజుకో గోళీ ఇస్తాడు. సూది సరిగా పడితే, షుగర్, బీపీ అదుపులోకి వస్తే, ఈ వయసులో అది వెనక్కి తిరగవచ్చు. తెలుసుకోకుండా వదిలేస్తే తిరగదు. తల్లిది లెక్కలోకి రాదు. పిల్లది ఒకటి అయింది. ఇంకో రెండు కావాలి.

రెండోదానికి రమ్మన్న వారం, ఆమె పోయింది.

కర్మ అయిన మూడు రోజులకు ఆమె ఫోన్ మోగింది. ఆ ఫోన్ నేను ఆపలేదు. ఎందుకో రోజూ ఛార్జింగ్ పెడుతున్నాను. ఆ తల్లి.

"మేడం లేదా?"

చెప్పాను. ఆ తల్లికి ముందే తెలుసట. ల్యాబ్‌లో చెప్పారట. తెలిసీ ఈ నంబర్‌కే చేసింది.

"సారు, పిల్ల మాట ఇంటలేదు. సూది సగమే ఏస్కుంటున్నది. సూదులతోనే కిడ్నీలు కరాబైనయని ఎవ్వరో చెప్పిన్రంట. రెండో డబ్బీ ఇయ్యమంటె ఇయ్యదు. 'చూసే మేడమే లేదు, ఎవరికియ్యాలె' అంటది. ఏం జెయ్యాలె సారు?"

నేనేమన్నానో ఉన్నదున్నట్టు రాస్తాను. "నాకేం తెల్వదమ్మా. డాక్టరు దగ్గరికి పొండి." పెట్టేశాను.

అది అబద్ధం. నాకు తెలుసు. ఎనిమిదేళ్ళు ప్రతి రాత్రీ అన్నం దగ్గర విన్నాను. సూది కిడ్నీని పాడు చేయదు, సూది ఎగ్గొట్టడం పాడు చేస్తుంది. ఆ ఒక్క ముక్క చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. చెప్పలేదు. ఆ క్షణంలో ఆమె ఫోన్‌లో ఆమెను అడుగుతున్న ఇంకొకరి గొంతు వినడం భరించలేకపోయాను. కారణం అంతే. అది మంచి కారణం కాదు.

ఆ తర్వాతే ఈ తిరుగుడు మొదలైంది. ఆఫీసులో మట్టి ఆరబోసి, జల్లెడ పట్టడం మరిచిపోయాను. కుల్కచర్ల రైతు ఒకాయన కాగితం కోసం వస్తే ఇంకొకరిది చేతిలో పెట్టాను. ఆయనే చదువుకుని, "సారూ, నాకు నల్లరేగడి ఎక్కడిది? నాది ఎర్రశెల్క" అని నవ్వి తిరిగిచ్చాడు. ల్యాబ్‌కు ఫోన్ చేసి ఆ పిల్ల వచ్చిందా అని అడిగాను. రాలేదన్నారు. నాలుగు రోజులాగి మళ్ళీ అడిగాను. రాలేదు. ల్యాబ్ వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేసి చూశారట. అంతకంటే వాళ్ళేం చేస్తారు? రోజుకు ఎంతమంది వస్తారు!

ఆమె ఉంటే ఏం చేసేదో ఆలోచించాను. ఆలోచించాల్సినంత పని లేదు. ఆ ఊరి బస్సెక్కేది. ఇంతకుముందు ఇద్దరు పిల్లల కోసం అలా వెళ్ళింది. ఒకసారి సెలవు రోజున నన్నూ లాక్కెళ్ళింది. అప్పుడు నేను సణిగాను. "నీ పని ల్యాబ్‌లో కదా, ఇళ్ళ చుట్టూ ఎందుకు?" అన్నాను. "మీరు రైతు చేన్లకు ఎందుకు పోతరు? ఆఫీసుల కూసుంటె మన్ను నడిచొస్తదా?" అంది.

పోయిన మంగళవారం ఫోన్ చేశాను. తల్లి ఎత్తింది. పిల్లకు ఇవ్వమన్నాను.

"ఎవరు?"

"మేడం ఇంటాయనను."

వెనక గొర్రెల అరుపులు వినిపించాయి.

"మీరు గూడ ల్యాబేనా?"

"కాదమ్మా. నేను మట్టి పరీక్ష చేస్త."

"మట్టి చూసేటాయన నా డబ్బీ ఏం జేస్కుంటడు?"

"ఏం జెయ్య. మోస్త. తాండూర్ల ఇస్త."

నవ్విందో, ముక్కు ఎగబీల్చిందో అర్థం కాలేదు.

"మల్ల గట్లనే వస్తె?"

"వస్తె డాక్టర్ గోలి ఇస్తడు."

"రాకపోతె?"

"రాకపోతె మూడోది చూసి తేలుస్తరు."

"అంటె వచ్చినా తిప్పలే, రాకున్నా తిప్పలే."

"అవు."

"మేడం గూడ గిట్లనే పట్టుకుంటె ఇడవకపొయ్యేది" అంది. గొంతు మారింది. ఆమె అయితే ఈ చోట ఏదో ఒక మాట అని నవ్వించేది. నాకు రాదు. అందుకని తెలిసింది చెప్పాను.

"సూది ఎందుకు తగ్గించినవు?"

"సూదులతోనే కిడ్నీలు పోతయంట."

"ఎవరు చెప్పిన్రు?"

"అందరు చెప్తున్నరు."

"మేడం ఏం చెప్పింది?"

కాల్ తెగిందేమోనని ఫోన్ చూసుకున్నాను.

"ఎగ్గొడితెనే పోతయని" అంది చివరికి.

"ఆమె ఉన్నప్పుడు నిజమైంది, లేకుంటె అబద్ధం అయితదా?"

"నేను గట్ల అన్లే."

"మరి?"

"భయమైతున్నది సారు" అంది. ఆ పొగరుగల్ల పిల్ల. "ఒకటే వచ్చింది గద, తప్పొచ్చిందనుకుంట ఉండొచ్చు. రెండోది గూడ వస్తె ఇగ అనుకునెటందుకు ఉండది."

పదిహేనేళ్ళ పిల్ల అంత స్పష్టంగా చెప్పగలిగింది. నేను యాభై మూడేళ్ళు నిండి, ఆ ఫోన్ ఎందుకు పెట్టేశానో చెప్పుకోవడానికి నెల పట్టింది. నాకూ భయంగానే ఉందని అన్నాను. దేనికని అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడినో తెలియదు.

"కబురు అనుకోమనేది మీ మేడం. భయపడమనలే" అన్నాను.

"తెల్సు."

"రేపొద్దుగాల వస్త."

"రేపు రాకుండ్రి" అంది వెంటనే. "నేను బయటున్న. ఇయ్యాల్నే అయింది."

వెనక నుంచి తల్లి గొంతు గట్టిగా వినిపించింది. "ఓసీ, మగాయినకు గదేం చెప్తున్నవే! సిగ్గు లేదా?"

"మేడమే చెప్పమన్నది!" పిల్ల అటు తిరిగి అరిచింది. "చెప్పకుంట దాస్తెనే గద ఆ పొద్దు నీది పొయ్యింది!"

తల్లి ఇంకేదో అంది. ఇద్దరూ నన్ను మరిచిపోయి కొంతసేపు వాదించుకున్నారు. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. నవ్వాను. ఆమె పోయాక మొదటిసారి.

పిల్ల మళ్ళీ ఫోన్‌లోకి వచ్చింది. "అయిపోయినంక గూడ ఒక రెండొద్దులు ఆగాలె సారు. మీకు తెల్వదా? సోమవారం రాండ్రి. ఆదివారం కబడ్డీ గూడ ఆడ."

"సూదో?"

"ఏస్కుంట."

"సగమా, పూర్తిగనా?"

"మీరు మట్టి చూస్తన్నరు గద! గివన్ని ఎందుకు?" అంది. తర్వాత, చిన్నగా, "పూర్తిగనే" అంది.

నమ్మాలో లేదో తెలియదు. ఆమె అయితే నమ్మేది కాదు, మూడు నెలల సగటు షుగర్ ఎంతుందో చూసేది. అది కూడా చూడమని ల్యాబ్‌లో చెప్పాను. డాక్టరుకూ చెప్పాను, బుధవారం వాళ్ళను చూస్తానన్నాడు. ఈలోగా తల్లి బీపీ గోళీలు అయిపోయాయేమో అడగాలి.

చదివేవాళ్ళకు ఒక్క మాట. మీలో చాలామంది ల్యాబ్‌లలో పనిచేసేవాళ్ళే అయి ఉంటారు. ఆమె గొప్ప పనులేమీ చేయలేదు. చిన్న వయసులో షుగర్ వచ్చిన పిల్ల మీ ముందు కూర్చుంటే, కాగితం మీద రాయని పరీక్ష గురించి డాక్టరును ఒకసారి అడగండి. ఆమె చేసింది అంతే. అది చేయక ముందు పదకొండేళ్ళు చేయలేదని కూడా ఆమె ఎప్పుడూ దాచుకోలేదు.

ఇంకా రాయాల్సినవి ఉన్నాయి. ఆమె ఉప్పు తక్కువ వేసే కూరల గురించి, రైల్లో ఎదుటి సీటు పిల్లల చేతులు పట్టుకుని నాడి చూసే అలవాటు గురించి, నా మీద కోపం వస్తే నాతో కాక కుక్కర్‌తో మాట్లాడటం గురించి. ఈ నాలుగు పేజీలు రాయడానికి తొమ్మిదిసార్లు లేచాను. ఇవాళ ఆదివారం. ఇక ఆపుతాను.

రేపు పొద్దున చీకటి ఉండగానే బయలుదేరతాను. పరిగి మీదుగా బండి మీద పోతే తెల్లవారేసరికి ఆ ఊళ్ళో ఉంటాను. మంచుగడ్డలు వేసుకునే చిన్న డబ్బా ఒకటి ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకున్నాను. వాళ్ళ ఇంటి ముందు హారన్ కొట్టను, పేరు పెట్టి పిలవను. బండి ఆపి, వాకిలికి వీపు పెట్టి, రోడ్డు వైపు చూస్తూ నిలబడతాను. మంద బయటికి వస్తే గోడ వైపు జరిగి దారిస్తాను. ఆ పిల్ల ఎంత ఆలస్యం చేసినా సరే, నా వెనక అడుగుల చప్పుడు వినిపించేదాకా అక్కడే నిలబడి ఉంటాను.